బోరు నీళ్లలో సాల్వెంట్: యూవీ-పెరాక్సైడ్ ప్లాంటుతో నా అనుభవం

జీడిమెట్ల వైపు ఒక యూనిట్‌లో యుటిలిటీస్ చూస్తుంటాను. మా కాంపౌండ్‌లోని పాత బోరు నీళ్లలో 1,4-డయాక్సేన్ అనే సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో వేరే పదార్థాల్ని కరిగించడానికి వాడే ద్రవం) బయటపడ్డాక ఆ నీళ్లను శుభ్రం చేసే పని నా నెత్తిన పడింది. అది పక్క ప్లాటు నుంచి వచ్చిందా, మా పాత డ్రమ్ముల షెడ్డు కిందినుంచా అన్న గొడవ ఇంకా తేలలేదు, దాన్ని వదిలేద్దాం.

ఈ డయాక్సేన్ మొండి ఘటం. నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది, మరిగేది కూడా 101 డిగ్రీల దగ్గర, కాబట్టి గాలి ఊది తరిమేద్దామంటే పోదు. ఫిల్టర్‌లో వాడే కార్బన్‌కి సరిగ్గా అంటుకోదు. ఆర్వో పెడితే కొంత దాటుకుని వచ్చేస్తుంది, మిగతాది రిజెక్టులో చేరుతుంది, ఆ రిజెక్టును ఎక్కడ పోయాలన్నది మళ్లీ ఇంకో తలనొప్పి. అంటే నీళ్లలో ఉండగానే విరగ్గొట్టాలి.

అలా యూవీ-పెరాక్సైడ్‌కి వచ్చాం. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లను 254 నానోమీటర్ల లైట్ల పక్కనుంచి పంపితే పెరాక్సైడ్ చీలి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి, అవి ఎదురైన కర్బన పదార్థాన్నల్లా కొరికేస్తాయి. "మా ఇంట్లో ఫిల్టర్‌లో కూడా యూవీ ఉంది కదరా, దీనికి ఇంత ఖర్చేంది?" అన్నాడు మా బావ. ఇంట్లో లైటు పని క్రిముల్ని చంపడం, దానికి చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్ల కాంతి శక్తి చాలు. ఇక్కడ వందల్లో కావాలి, ఒక్కోసారి వెయ్యి దాటాలి. పైగా పెరాక్సైడ్ ఆ కాంతిని చాలా తక్కువగా పీల్చుకుంటుంది, అందుకే కరెంటు బిల్లు అంత.

అయితే మమ్మల్ని నిజంగా తిప్పలు పెట్టింది లైటు కాదు, మన నీళ్లే. వెండర్ తెచ్చిన గ్రాఫులన్నీ మెత్తటి నీళ్లవి. మనదేమో గ్రానైట్ పగుళ్లలోంచి వచ్చే గట్టి నీళ్లు, మా బోరులో బైకార్బొనేట్ (ఇలాంటి నీళ్లలో సహజంగా కరిగి ఉండేదే) లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటింది. రాడికల్‌తో కలిసే వేగం డయాక్సేన్‌తో పోలిస్తే బైకార్బొనేట్‌కి వందల రెట్లు తక్కువే, కానీ నీళ్లలో దాని సంఖ్య కూడా అలాగే వందల రెట్లు ఎక్కువ. పెళ్లి భోజనాల్లో పిలవనివాళ్లే మొదటి పంక్తి నింపేసినట్టు, పుట్టిన రాడికల్స్‌లో పెద్ద వాటా దానికే పోయేది. మా ఆపరేటర్ "సార్, పెరాక్సైడ్ మందు పెంచుదామా?" అన్నాడు. పెంచితే కొంతవరకే లాభం, ఎందుకంటే ఎక్కువైన పెరాక్సైడ్ తనూ రాడికల్స్‌ని తింటుంది.

చివరికి పనిచేసింది పాత పద్ధతే. ముందు యాసిడ్ వేసి పీహెచ్‌ను 5 దాకా దించి, టవర్‌లో గాలి ఊదితే బైకార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. లైట్ల చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టాల మీద సున్నం పేరుకోవడం కూడా తగ్గింది. ఇనుము మరకలు ఇంకా పడుతూనే ఉన్నాయి, సిట్రిక్ యాసిడ్‌తో కడుగుతున్నాం. మీ నీళ్లలో ఎగిరిపోయే సాల్వెంట్లు కూడా ఉంటే మాత్రం జాగ్రత్త, ఆ టవర్ వాటిని గాల్లోకి వదిలేస్తుంది, పైన కార్బన్ పెట్టాలి.

మధ్యలో ఒక టెన్షన్. శుద్ధి చేసిన నీళ్లలో సీవోడీ (మలినాల్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క) పెరిగిందని ల్యాబ్ రిపోర్టు, పైవాళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను కూడా ఆ పరీక్ష సీవోడీగానే లెక్కేస్తుంది! శాంపిల్‌లో పెరాక్సైడ్‌ను ముందు చంపేసి మళ్లీ చేయించాకే శాంతించారు. అప్పటినుంచి డయాక్సేన్‌తోపాటు టీవోసీ (నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్) కూడా చూస్తున్నాం. డయాక్సేన్ మాయమైనా ఫార్మిక్ యాసిడ్, ఆల్డిహైడ్‌ల లాంటి ముక్కలు మిగిలిపోవచ్చు కాబట్టి.

చివరనున్న కార్బన్ ఫిల్టర్ ఆ మిగులు పెరాక్సైడ్ కోసమే. కార్బన్ తగిలితే పెరాక్సైడ్ నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఆ బుడగలు పట్టేసి ఫిల్టర్‌లో నీళ్లు కదలవు, పైన ఎయిర్ వెంట్ తప్పనిసరి. ఆ తర్వాత కాస్టిక్ సోడాతో పీహెచ్ సరిచేసి నీళ్లను కూలింగ్ టవర్‌కి వాడుకుంటున్నాం. తాగడానికి కాదు. ఈ పద్ధతిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) తగ్గదు (యాసిడ్, కాస్టిక్ వల్ల ఉప్పు కొంత చేరుతుంది కూడా), ఫ్లోరైడ్ అసలే తగ్గదు. ఎవరైనా పెట్టించుకోవాలనుకుంటే, కొటేషన్ అడిగే ముందే మీ బోరు నీళ్లు క్యాన్లలో పంపి, వాటి మీదే ట్రయల్ చేయించండి.