సన్ హౌస్ వాయించినటువంటి గిటార్ కోసం కస్టమ్స్‌తో నా పాట్లు

నిన్న సాయంత్రం నా స్టీలు బాడీ గిటార్ ఇంటికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సన్ హౌస్ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన బ్లూస్ (అక్కడి నల్లజాతివారి సంగీతం) గాయకుడు. గిటార్ పట్టకముందు బాప్టిస్టు చర్చిలో బోధకుడు. 1930లో కొన్ని రికార్డులు ఇచ్చి, తర్వాత కొన్నేళ్లకి కనుమరుగయ్యారు. 1964లో అభిమానులు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆయన్ని వెతికి పట్టుకుని మళ్లీ వేదికెక్కించారు. అప్పటి వీడియోలు చూడండి. తల వెనక్కి వాల్చి, పాటకీ పాటకీ మధ్య వాక్యం చెబుతున్నట్టే మాట్లాడతారు. తీగ మీద స్లయిడ్ (వేలికి తొడుక్కునే గొట్టం) జారితే ఆ లోహపు గిటారే ఏడుస్తుంది. నాకు అలాంటిదే కావాలనిపించింది.

అమెరికాలో ఒక పాతది దొరికింది. డబ్బు కట్టడం, ఆధార్ అప్‌లోడ్ చేయడం తేలిగ్గానే అయ్యాయి.

కస్టమ్స్‌లో ఆగింది. నేను కట్టింది పాత గిటార్ ధర. వాళ్లు కొత్తదాని ధర మీద సుంకం వేస్తామన్నారు. కొరియర్ ఆఫీసుకి వెళ్తే, అక్కడి ఉద్యోగి ఫొటో చూసి అందరి ముందూ నవ్వాడు: "బిందెకి తీగలు కట్టారా సార్? దీనికింత రేటా? అమ్ముకోవడానికేగా!" పక్కనున్నవాళ్లూ నవ్వారు. లోపల పల్చటి అల్యూమినియం కోన్ ఉంటుందనీ, కరెంటు గిటార్లు ఇంకా రాని రోజుల్లో శబ్దం పెద్దగా రావడానికి దాన్ని పెట్టారనీ చెప్పబోయాను. వినలేదు. తనకి తెలియని వస్తువుని వెక్కిరించే హక్కు ఎవరిచ్చారు? నేను పిల్లలకి సంగీతం నేర్పేవాణ్ణి, దొంగ సరుకు తెచ్చేవాణ్ణి కాదు.

చివరికి పని చేసింది కాగితాలే. అమ్మినవాడి బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, గీతలు పడ్డ చోట్ల దగ్గరగా తీసిన ఫొటోలు కలిపి మెయిల్ పెట్టాను. కస్టమ్స్ అధికారిణి ఒకామె అవన్నీ చదివి, నేను కట్టిన ధరకే లెక్క వేయించారు. ఆమెకి నా నమస్కారం. మీరు తెప్పించుకుంటే ఈ ఫొటోలు ముందే అడిగి పెట్టుకోండి. కాల్ సెంటర్‌లో చెప్పేది అస్సలు నమ్మకండి, ప్రతిదీ మెయిల్‌లోనే రాయించుకోండి.

గిటార్‌ని ఓపెన్ జీ శ్రుతిలో (తీగలు ఊరికే మీటినా జీ మేజర్ కార్డు పలికేలా) పెట్టాను. ఆదివారం మా ఊళ్లో గోటువాద్యం (మెట్లు లేని వీణ) వాయించే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. మెట్ల మీద వేలు పెట్టకుండా తీగ మీద జార్చి స్వరం పట్టడం ఆయనకి కొట్టినపిండి.