అడవిలో కాదు, ఆకుల కుప్ప దగ్గర పట్టింది

శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో, జనవరి నెలలో, నాకు కోతి జ్వరం వచ్చింది. మీటరు పొడవు తెల్ల ఫ్లానెల్ గుడ్డను రాలిన ఆకుల మీద ఈడ్చి, దానికి పట్టుకున్న గోమార్లను లెక్కపెట్టడం నా పని. (గోమార్లంటే రక్తం తాగే పురుగులు, మనవైపు కొన్నిచోట్ల పిడుదులంటారు. కోతి జ్వరం వైరస్‌ను మోసేవి ఇవే.) అడవిలోకి వెళ్లిన ప్రతిసారీ ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి, గోమార్లను దూరంగా ఉంచే డీపా నూనె రాసుకునేవాణ్ని. కుట్టిన రోజు మాత్రం పోకతోటలో, పశువుల కొట్టం పక్కన, ఎండుటాకుల కుప్ప దగ్గర నిలబడ్డాను. తోటే కదా అని నూనె రాసుకోలేదు.

ఆ ఆకులు 'సొప్పిన బెట్ట' నుంచి వచ్చినవి. కర్ణాటక కొండప్రాంతమైన మలెనాడులో పోకతోటకు ఆనుకొని, ఎరువు ఆకు కోసం వదిలిన అడవి అది. ఆకు కొట్టంలో పశువుల కింద పరుస్తారు, తరవాత తోటకు ఎరువవుతుంది. ఆకుతోపాటే గోమార్లూ ఇంటి ముంగిటికి వస్తాయి. పెద్ద గోమార్లు వానాకాలంలో పశువుల మీద కడుపు నింపుకొని నేల మీద గుడ్లు పెడతాయి. లార్వాలు ఎలుకలు, చుంచెలుకలు, నేల మీద తిరిగే పక్షుల మీద బతుకుతాయి. లార్వా తరవాత, నవంబరు నుంచి మే దాకా వచ్చే నింఫ్ (పిల్ల గోమారి) దశే మనుషుల్ని ఎక్కువగా కుడుతుంది. వైరస్ సోకిన కొండముచ్చు చచ్చి పడితే దాని ఒంటి మీది గోమార్లు అక్కడే దిగిపోతాయి. అందుకే శవం చుట్టూ 50 మీటర్ల మేర మలాథియాన్ పొడి చల్లుతారు. పశువుల రక్తంలో వైరస్ పెద్దగా పెరగదు కానీ, గోమార్ల సంతతిని పెంచేది అవే. అడవిని ముక్కలు చేసి మధ్యలో తోటలు, మేత దారులు పెట్టినచోట కోతి, ఎలుక, ఆవు, మనిషి ఒకే అంచు మీద కలుస్తారు. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో ఈ వైరస్‌ను తొలిసారి గుర్తించారు.

ఆ రాత్రి మోకాలి వెనక గసగసాల గింజంత నింఫ్ కనిపించింది. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగాను. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం తప్పు; బెదిరిన గోమారి ఇంకా ఉమ్ము లోపలికి వదులుతుంది.

ఆరో రోజు సాయంత్రం ఒక్కసారిగా చలి, 103 డిగ్రీల జ్వరం, నుదురు పగిలేంత నొప్పి, నడుమూ పిక్కలూ పట్టేశాయి. కళ్లు ఎర్రబడ్డాయి. ముందు డెంగీ అనుకున్నారు, ఎన్ఎస్1 నెగెటివ్ వచ్చింది. గోమారి కుట్టిందనీ, ఆ ఊళ్లో కోతులు చచ్చాయనీ చెప్పాకే రక్తం ఐసు పెట్టెలో ల్యాబుకు పంపారు. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే ఆర్టీ-పీసీఆర్‌లో వైరస్ బాగా దొరుకుతుంది. ఆలస్యమైతే ఐజీఎమ్ (రక్తంలో ప్రతిరక్షకాల) పరీక్ష మీద ఆధారపడాలి. కుట్టిన సంగతి డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి.

దీనికి ప్రత్యేక మందు లేదు. సెలైన్, ఓఆర్ఎస్, ఆరు గంటలకోసారి పారాసిటమాల్ 650. ప్లేట్‌లెట్లు 58 వేలకు పడ్డాయి, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఇలాంటప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. తొమ్మిదో రోజు జ్వరం దిగింది.

చాలామంది ఇక్కడే పనికి వెళ్లిపోతారు. కొందరికి ఒకటి రెండు వారాల తెరిపి తరవాత జ్వరం తిరగబెడుతుంది, ఈసారి మెదడు దాకా పోతుంది. నాకు పంతొమ్మిదో రోజున తిరిగి వచ్చింది: మెడ బిగుసుకుంది, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది, తేదీ అడిగితే తడబడ్డాను. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. వణుకు మూడు వారాలకు తగ్గింది. మెట్లెక్కితే కాళ్లు తేలిపోవడం మాత్రం రెండు నెలలుంది.

పాత టీకాను, అంతగా పనిచేయడం లేదని, 2022లో ఆపేశారు. ఇప్పుడు తోటకు వెళ్లినా నూనె రాసుకుంటున్నాను. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి, గజ్జలు, చంకలు, మోకాళ్ల వెనక అద్దం పెట్టి చూసుకుంటున్నాను. మా ఇంటివాళ్లు ఆకుల కుప్పను కొట్టం నుంచి దూరంగా మార్చారు.