ఎవరి కుంపటి వాళ్ళదే అన్నట్టు నడిచే బ్యాంకు

మొన్న మా బావ హాంకాంగ్ నుంచి వస్తూ అక్కడి 20 డాలర్ల నోటు ఒకటి తెచ్చి పిల్లలకిచ్చాడు, నేను తీసుకుని చూస్తే దాని మీద హెచ్‌ఎస్‌బీసీ పేరు, సింహం బొమ్మ. అక్కడ 10 డాలర్ల నోటు తప్పించి మిగతా నోట్లన్నీ మూడు బ్యాంకులే వేస్తాయి, అందులో ఇదొకటి. బ్యాంకు వేసిన నోటుని జనం ఎలా నమ్ముతారని మా పెద్దాడు అడిగాడు, వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం పెద్దగా రాస్తున్నా.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు హాంకాంగ్‌ని పట్టుకున్నప్పుడు, బ్యాంకులో ఇంకా బయటికి వెళ్ళని నోట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి, దాదాపు 12 కోట్ల హాంకాంగ్ డాలర్లవి. నిర్బంధంలో ఉన్న బ్యాంకు ఆఫీసర్ల చేత బలవంతంగా వాటి మీద సంతకాలు పెట్టించి మార్కెట్లోకి వదిలారు. వాటికి పూచీగా వెనక పైసా లేదు. చీఫ్ మేనేజర్ గ్రేబర్న్ 1943లో జైల్లోనే చనిపోయాడు. యుద్ధం అయ్యాక అవి మా నోట్లు కావు అని చేతులు దులుపుకోవచ్చు, కానీ 1946లో ఆ నోట్లని కూడా ఒప్పుకున్నారు. ఆ నమ్మకం అక్కడి జనంలో ఇప్పటికీ ఉందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అసలు ఈ బ్యాంకు పుట్టుకలో మన దేశానికీ లింకుంది. 1864లో బొంబాయి ఫైనాన్షియర్లు చైనా వ్యాపారం కోసం ఒక బ్యాంకు పెట్టబోతున్నారు, హాంకాంగ్ వర్తకులకి అందులో షేర్లు చాలా తక్కువ అని తెలిసి, పీ అండ్ ఓ స్టీమర్ కంపెనీలో పనిచేసే థామస్ సదర్లాండ్ అనే కుర్రాడు మన ఊరికి మన బ్యాంకే ఉండాలని గబగబా ప్రాస్పెక్టస్ (షేర్లు కొనమని జనానికిచ్చే వివరాల పత్రం) రాసేశాడు, 1865 మార్చిలో హాంకాంగ్‌లో తలుపులు తెరిచారు, నెల తిరిగేసరికి షాంఘైలో కూడా. పెట్టుబడి పెట్టిన కంపెనీల్లో కొన్ని నల్లమందు అమ్మి సంపాదించినవే, మన దేశంలో పండిన నల్లమందే, ఆ మాట దాచి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు. 1867కల్లా కలకత్తా, 1888లో బ్యాంకాక్. సరుకు ఎక్కడికి పోతే బ్యాంకు అక్కడికి పోయింది.

నేను పదకొండేళ్ళు వేరే బ్యాంకులో ఎల్‌సీ పేపర్లు చూశాను, ఎల్‌సీ అంటే పేపర్లు సరిగ్గా ఉంటే అమ్మేవాడికి డబ్బిస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఓడ ఎక్కించిన తేదీ ఒక్కరోజు అటూ ఇటూ అయితే డిస్క్రెపెన్సీ, అంటే తేడా ఉంది అని పక్కన పెట్టి, కొనేవాడి బ్యాంకుకి మెసేజ్ కొట్టి వాళ్ళ జవాబు కోసం కాచుకుని కూచునేవాళ్ళం. అమ్మేవాడి ఊళ్ళోనూ కొనేవాడి ఊళ్ళోనూ మీదే బ్రాంచి ఉంటే ఆ ఎదురుచూపులు సగం తగ్గుతాయి. ఈ బ్యాంకు బలం మొదట్నుంచీ అదే, నా లెక్కలో ఇప్పటికీ అదే.

తర్వాత కొనుగోళ్ళు. 1959లో మర్కంటైల్ బ్యాంకు (ఇది 1853లో బొంబాయిలో మొదలైంది), మిడిల్ ఈస్ట్ బ్యాంకు, 1965లో హాంగ్ సెంగ్, 1980 నుంచి అమెరికాలో మెరైన్ మిడ్‌ల్యాండ్. 1992లో బ్రిటన్‌లో మిడ్‌ల్యాండ్ బ్యాంకు కొని, మరుసటేడు హెడ్డాఫీసునే లండన్‌కి మార్చేశారు. ఇన్ని కొన్నా అన్నీ కలిపి ఒకే ముద్ద చెయ్యలేదు, పెద్ద దేశాల్లో చాలా చోట్ల విడి కంపెనీ, దాని క్యాపిటల్ దానిది, దాని డిపాజిట్లు దానివి, ఎవరి కుంపటి వాళ్ళదే. ఒక చోట మంటలొస్తే పక్కింటికి అంటుకోకుండా, బ్యాంకు మునిగే పరిస్థితే వస్తే ఆసియా, యూరప్, అమెరికా మూడింటినీ విడివిడిగా చక్కదిద్దేలా ప్లాన్ ఉంది. ఇండియాలో మాత్రం విడి కంపెనీ కాదు, హాంకాంగ్‌లో ఉన్న వీళ్ళ బ్యాంకు కంపెనీకి బ్రాంచీలే.

పెద్ద తప్పు 2003లో జరిగింది. అమెరికాలో హౌస్‌హోల్డ్ అనే కంపెనీని సుమారు 1500 కోట్ల డాలర్లకి కొన్నారు, అప్పు చరిత్ర సరిగా లేనివాళ్ళకి లోన్లిచ్చే కంపెనీ అది. సరుకూ లేదు, ఓడా లేదు, రెండు వైపులా తెలిసిన పార్టీ లేడు. సబ్‌ప్రైమ్, అంటే ఇలాంటి లోన్ల వ్యాపారం, కుప్పకూలినప్పుడు మొదట దెబ్బతిన్న పెద్ద బ్యాంకుల్లో ఇదొకటి, 2009లో అక్కడ కొత్త లోన్లు ఆపేశారు, షేర్‌హోల్డర్ల దగ్గర 1250 కోట్ల పౌండ్లు తెచ్చుకున్నారు, బ్రిటన్ ప్రభుత్వం డబ్బు మాత్రం తీసుకోలేదు. 2012లో ఇంకో దెబ్బ, మెక్సికో డ్రగ్ ముఠాల డబ్బు తమ బ్యాంకులోంచే పోతుంటే పట్టించుకోలేదని అమెరికాకి 190 కోట్ల డాలర్లు కట్టారు. కుంపట్లు వేరు సరే, పొగ ఎక్కడ్నుంచి వస్తోందో చూసేవాడు ఉండొద్దా? ఈ రెండోది నాకు మొదటిదాని కంటే ఎక్కువ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పేపర్లు చూసే కుర్చీలో నేనూ కూచున్నా.

ఒకప్పుడు 80కి పైగా దేశాల్లో ఉన్నది ఇప్పుడు తగ్గించుకుంటూ వస్తోంది, 2024లో కెనడా బ్యాంకు అమ్మేశారు, ఫ్రాన్స్ రిటైల్ అమ్మేశారు, అర్జెంటీనా కూడా. 2025 నుంచి మొత్తాన్ని నాలుగు ముక్కలు చేశారు: హాంకాంగ్, బ్రిటన్, కార్పొరేట్ వైపు, డబ్బున్నవాళ్ళ వెల్త్ వైపు. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో వీళ్ళ సెంటర్లలో మనవాళ్ళు బోలెడుమంది పనిచేశారు, ఈ మార్పుల్లో ఎవరి టీమ్ ఎటు పోయిందో తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.