మంది ఎక్కువైతే మజ్జిగ పలచన: పాత టారో పేకలో అంకె ముక్కలు

జోస్యం చెప్పడానికి నేను వాడే టారో పేక చేతికిస్తే ఎవరైనా మొదట ఉత్సాహంగానే తిరగేస్తారు. సూర్యుడు, చంద్రుడు, చక్రం, మృత్యువు, ఆ 22 పెద్ద బొమ్మలూ అయిపోయేదాకా బాగానే ఉంటుంది. తర్వాత ఎనిమిది కర్రలు, ఆరు కప్పులు, తొమ్మిది నాణేలు, మధ్యలో నాలుగు ఆకులు, ఒక పువ్వు వస్తాయి. "వీటిలో ఏముందని చదువుతావక్కా, బొమ్మే లేదు కదా" అంటారు. రెండేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ అంకె ముక్కలంటేనే నాకు ఎక్కువ ఇష్టం, అది ఎందుకో రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

నేను వాడేది మార్సెయ్ పేక, ఫ్రాన్సులోని ఊరి పేరుతో పిలిచే పాత రకం, నికొలా కొన్వేర్ అనే తయారీదారు పేరుతో, 1760 అనే ఏడుతో చలామణిలో ఉన్న పాత అచ్చుకి నకలు. మొత్తం 78 ముక్కలు. 22 పెద్దవి తీసేస్తే మిగిలిన 56లో 40 అంకె ముక్కలు, రాజు, రాణి లాంటి 16 బొమ్మ ముక్కలు. గుర్తులు నాలుగు: కప్పులు, నాణేలు, కర్రలు, కత్తులు. మన పేకకి వీటితో చుట్టరికం ఉంది. మనం ఇస్పేటు అంటామే, ఇంగ్లీషు వాళ్ల స్పేడ్, దాని వెనక ఉన్నది ఇటలీ వాళ్ల 'స్పాదా', అంటే కత్తి. రమ్మీ ఆడే ప్రతి ఇంట్లోనూ ఆ పాత కత్తి మాట తిరుగుతూనే ఉంది.

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను. ఈ పేక కొన్నప్పుడు నాకు తెలిసిన అర్థాలన్నీ 1909లో లండన్‌లో వచ్చిన పేకవి, రైడర్ వెయిట్ అంటారు కదా, అందులోవి. ఆ పేకలో అంకె ముక్కలకి కూడా పూర్తి బొమ్మలుంటాయి. మూడు కత్తులు తీస్తే గుండెలో మూడు కత్తులు దిగి ఉంటాయి, వెనక వాన. ఒక స్నేహితురాలు పెళ్లి సంబంధం గురించి అడిగినప్పుడు నా మార్సెయ్ పేకలో మూడు కత్తులు వచ్చింది, నేను ముక్క వైపు సరిగ్గా చూడను కూడా చూడకుండా మనసు విరిగే సూచన ఉందని చెప్పేశాను. ఆ పిల్ల వారం రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు. తర్వాత ఇంటికొచ్చి ఆ ముక్క తీసి తీరిగ్గా చూస్తే గుండె లేదు, వాన లేదు. రెండు వంపు కత్తులు కలిసి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి, లోపల ఒక నిలువు కత్తి, దానికి అటూ ఇటూ ఆకుల కొమ్మలు. అంతే. లేని గుండెని నేనే తెచ్చిపెట్టాను. ఆ తప్పు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ గుండె ఎక్కడిదో తర్వాత తెలిసింది. 1491 ప్రాంతంలో ఇటలీలో చెక్కిన సోలా బుస్కా అనే పేకలో మూడు కత్తుల ముక్క మీద అచ్చం అలాంటి గుండే ఉంది. ఆ పేక ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి, రెండేళ్లకే పమేలా కోల్మన్ స్మిత్ గీసిన 1909 పేక వచ్చింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆవిడ ఆ ఫొటోలు చూసే గీసిందనడంలో నాకైతే అనుమానం లేదు. ఆ బొమ్మ బాగుంటుంది, తప్పు లేదు, కానీ అది ఆ పేకది. నా పేకలో ఉన్నదాన్ని నేను చూడాలి.

ఎలా చూడాలో నేర్పింది మాత్రం ఏ పుస్తకమూ కాదు, మా పెదనాయన. కొర్లగుంటలో వాళ్ల ఇంటి వసారాలో ఆదివారం మధ్యాహ్నమైతే పదమూడు ముక్కలాట ఉండాల్సిందే. ఒకరోజు ఆటకి మనుషులు తక్కువై, నా సంచిలోంచి ఈ పేక తీసి చాప మీద పరిచి, "ఇది యాడది? ఇందులో ఆసు పెద్దదా, చిన్నదా?" అన్నాడు. అర్థాలు అడగలేదు, జాతకం అడగలేదు. పేకాట ఆడేవాడికి ముందు రావాల్సిన ప్రశ్నే అడిగాడు.

టారో మొదట ఆటే కదా. పదిహేనో శతాబ్దంలో ఇటలీలో పుట్టింది పేకాటగా, జోస్యానికి దాన్ని విస్తారంగా వాడటం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో మొదలైంది. పాత ఆటలో లెక్క ఇలా ఉండేది: కత్తులు, కర్రల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. కప్పులు, నాణేల్లో తిరగబడుతుంది, బొమ్మల తర్వాత ఆసే పెద్దది, పదే అన్నింటికన్నా చిన్నది. నేను ఇది చెప్పగానే పెదనాయన పది కప్పుల ముక్క వేలితో తట్టి, "సరిగ్గానే పెట్టినారమ్మా, మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" అన్నాడు.

ఆ మాటతో నా బుర్రలో ఏదో తలుపు తీసినట్టయింది. కప్పులోదీ, నాణెమూ పంచుకునేవి, పంచుకునేకొద్దీ ఒక్కొక్కరికి వచ్చేది తగ్గుతుంది. కర్రలూ కత్తులూ అలా కాదు, పోగయ్యేకొద్దీ బలం, బరువు. మా అవ్వ ఎప్పుడూ అనే "పదిమంది చేతికర్రలు ఒకడికి మోపు" అన్నది పది కర్రల ముక్కకి నేను చదివిన ఏ వివరణ కన్నా బాగా సరిపోతుంది.

ఇంకో సంగతి, మన పాత పేకాట గంజీఫాలోనూ ఇదే తిరకాసు ఉంది. మొఘలుల కాలం నాటి 96 గుండ్రటి ముక్కల ఆటలోనూ, దశావతారాలతో ఆడే 120 ముక్కల ఆటలోనూ సగం గుర్తుల్లో పది పెద్దది, సగం గుర్తుల్లో ఒకటి పెద్దది. టారో, గంజీఫా రెండూ పడమటి ఆసియా వైపు నుంచి పాకిన దాయాదులే. ఇస్తాంబుల్‌లో తోప్కాపి రాజభవనంలో ఈజిప్టుని ఏలిన మమ్లూకుల నాటి పాత పేక ఒకటుంది, దాని గుర్తులు కప్పులు, నాణేలు, కత్తులు, పోలో ఆడే కర్రలు. అక్కడి వంపు కత్తుల్ని చూశాక మార్సెయ్ పేకలో కత్తులు ఎందుకు వంగి ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, చదివే పద్ధతికి వస్తాను. ముందు గుర్తు చూస్తాను, ఇది పలచబడే జాతా, పోగయ్యే జాతా అని. తర్వాత అంకె. ఆ తర్వాత అమరిక, నాకు అసలు ఆనందం ఇక్కడే. కత్తుల్లో రెండు నుంచి తొమ్మిది దాకా, సరి అంకెలైతే వంపుల మధ్య పువ్వు ఉంటుంది, బేసి అంకెలైతే ఆ పువ్వు చోట్లో నిలువు కత్తి దిగుతుంది. అంటే నాలుగు నుంచి ఐదుకి వెళ్లడం అంటే పువ్వున్న చోటికి కత్తి రావడం, ఇది ముక్క మీద కళ్లకి కనబడుతోంది, ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. ఏడు కప్పుల్లో పైన మూడు, కింద మూడు, మధ్యలో ఒక్క కప్పుని ఆకులు చుట్టేసి ఉంటాయి. పది కప్పుల్లో తొమ్మిది బుద్ధిగా నిలబడితే పదోది పెద్దగా, పక్కకి పడుకుని, వాటన్నిటి మీదా ఉంటుంది. చూడండి ఒకసారి. అందులో ఎవరూ ఏమీ పోయలేరు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఓ పూట కూర్చుంటే ఈ కన్ను ఇంకా తొందరగా వస్తుంది, తీగ ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అని వెతకడం వాళ్లకి అలవాటు.

బొమ్మ ముక్కలు పదహారు: రాజు, రాణి, గుర్రపువాడు, బంటు. 'ఈయన కోపిష్టి, ఈమె ప్రేమమయి' అని స్వభావాల పట్టీ వేయడం నాకు నచ్చదు. చేతుల్లో ఏముంది, ఎటు చూస్తున్నారు, పక్క ముక్క వైపా, దానికి వీపు పెట్టా, ఇవి చాలు. నాణేల బంటు చేతిలో ఒక నాణెం ఎత్తి పట్టుకుని ఉంటాడు, కాళ్ల దగ్గర నేల మీద ఇంకోటి ఉంటుంది. కప్పుల రాణి కప్పుకి మూత ఉంటుంది. నాణేల గుర్రపువాడి చేతిలో కర్ర ఉంటుంది, నాణెమేమో ఎదురుగా గాల్లో.

పోయిన నెల మా చిన్నాయన కూతురు వచ్చింది. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో వదినతో కలిసి చిన్న టిఫిన్ అంగడి నడుపుతోంది, ఇంకో ఇద్దరు డబ్బు పెడతాం, పెద్దది చేద్దాం అంటున్నారట, కలుపుకోవాలా వద్దా అని. మూడు ముక్కలు తీశాను: పది కప్పులు, నాణేల గుర్రపువాడు, రెండు కర్రలు.

నేను నోరు తెరవకముందే తనే పది కప్పుల ముక్క దగ్గరకి లాక్కుని, "ఇదేందక్కా, పైన ఈ కప్పు పడుకోనుంది?" అంది. మజ్జిగ మాట చెప్పాను. గుర్రపువాడి నాణెం ఇంకా చేతికి రాలేదని చూపించాను, వాడి కన్ను దాని మీదే ఉంది. రెండు కర్రల దగ్గర మాత్రం ఎక్కువ చెప్పబుద్ధి కాలేదు. రెండే కర్రలు, మధ్యలో ఒకదాన్నొకటి దాటి నిలబడ్డాయి, చుట్టూ పూలు. తను దాన్నే చాలాసేపు చూసింది. తర్వాత "వదినకి ఫొటో పంపనా?" అని అడిగి, చాప మీద వెలుతురు పడేలా కిటికీ రెక్క తీసి, ఆ ఒక్క ముక్కకే ఫొటో తీసుకుంది.