సర్టిఫికెట్ కళ్లెదుటే ఉంది, టూల్ లేదంటోంది: సైనింగ్ ఎర్రర్లు బాగుచేసిన నా అనుభవం

మా కంపెనీలో మ్యాక్, ఆండ్రాయిడ్ యాప్‌లన్నిటికీ ఒకటే బిల్డ్ టూల్, అంటే కోడ్ నుంచి యాప్ తయారుచేసే ప్రోగ్రామ్. ఎప్పుడో ఎవరో పైథాన్‌లో రాసిపెట్టి వెళ్లిపోయారు. పని బాగానే చేస్తుంది. సైనింగ్ దగ్గర, అంటే యాప్ మాదేనని డిజిటల్ సంతకం పెట్టే దగ్గర, తేడా వస్తే మాత్రం "సైనింగ్ ఫెయిల్డ్, ఎగ్జిట్ కోడ్ 1" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. అది చూసినవాళ్లు తిన్నగా మా టీమ్ చాట్‌లోకి వచ్చేవాళ్లు. రిలీజ్ రోజుల్లో ఇక చెప్పక్కర్లేదు. చివరికి మా లీడ్ గారు, "ఎలాగూ అందరికీ నువ్వే జవాబు చెబుతున్నావు కదా, ఆ చెప్పేదేదో టూల్ చేతే చెప్పించు" అన్నారు.

కోడ్ ముట్టుకునే ముందు పాత చాట్ అంతా తిరగేశాను. ఎవరు ఏమడిగారు, చివరికి అది దేనితో తీరింది అని. ఫిర్యాదులు రకరకాలుగా ఉన్నా కారణాలు కొన్నే. అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడింది ఇది: "అన్నా, సర్టిఫికెట్ కీచెయిన్‌లో కనబడుతూనే ఉంది. టూలేమో ఐడెంటిటీ లేదంటోంది. ఏం చేయమంటావ్?"

సర్టిఫికెట్ అంటే సంతకం ఎవరిదో చెప్పే డిజిటల్ పత్రం, కీచెయిన్ అంటే మ్యాక్‌లో సర్టిఫికెట్లు, కీలు, పాస్‌వర్డ్‌లు దాచే చోటు. ఈ ఫిర్యాదు వెనక కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది. యాపిల్ డెవలపర్ పోర్టల్ నుంచి సర్టిఫికెట్ దించుకుని డబుల్ క్లిక్ చేస్తారు. కానీ సంతకం పెట్టడానికి కావలసిన రహస్య కీ, అంటే ప్రైవేట్ కీ, పోర్టల్‌లో ఉండదు. సర్టిఫికెట్ రిక్వెస్ట్ ఏ మెషీన్‌లో తయారైందో ఆ కీచెయిన్‌లోనే ఉంటుంది. మ్యాక్ లెక్కలో ఐడెంటిటీ అంటే సర్టిఫికెట్టూ దాని ప్రైవేట్ కీ కలిపి. పాత ల్యాప్‌టాప్ నుంచి ఆ రెంటినీ పీ12 అనే ఒకే ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకుంటే సరిపోతుంది. ఐటీ వాళ్లు దాన్ని అప్పటికే ఫార్మాట్ చేసేసి ఉంటే కొత్త సర్టిఫికెటే గతి.

కోడ్ తెరిచాక అసలు సంగతి బయటపడింది. మా టూల్ 'సెక్యూరిటీ ఫైండ్ ఐడెంటిటీ' కమాండ్‌ను మైనస్ వీ ఆప్షన్‌తో నడుపుతోంది. ఆ ఆప్షన్ ఉంటే చెల్లే ఐడెంటిటీలు మాత్రమే వస్తాయి. అలాంటిది ఒక్కటీ లేకపోతే "0 వాలిడ్ ఐడెంటిటీస్ ఫౌండ్" అని తేల్చేస్తుంది. అదే కమాండ్ మైనస్ వీ తీసేసి నడపండి. చెల్లనివి కూడా వస్తాయి, ఎందుకు చెల్లవో పక్కన బ్రాకెట్లో ఉంటుంది. గడువు తీరినదానికి 'సర్ట్ ఎక్స్‌పైర్డ్' అని, సిస్టమ్ నమ్మే రూట్ (అన్నిటికీ పైనుండే మూల సర్టిఫికెట్) దాకా చేరనిదానికి 'నాట్ ట్రస్టెడ్' అని. అంటే కారణం సిస్టమ్‌కు తెలుసు, అడిగితే చెబుతుంది కూడా. మధ్యలో మా టూలే దాన్ని పారేస్తోంది.

దాంతో పని సగం తేలికైంది. ఆప్షన్ లేకుండా ఒకసారి అడగడం. అప్పటికీ ఐడెంటిటీ కనబడకపోతే అదే పేరుతో సర్టిఫికెట్ ఉందేమో విడిగా వెతకడం. సర్టిఫికెట్ దొరికి ఐడెంటిటీ దొరకలేదంటే ప్రైవేట్ కీ లేనట్టే. ఇప్పుడు టూల్ చెప్పేదాని సారాంశం ఇది: "ఫలానా పేరుతో సర్టిఫికెట్ లాగిన్ కీచెయిన్‌లో ఉంది, ప్రైవేట్ కీ మాత్రం లేదు. రిక్వెస్ట్ తయారుచేసిన మ్యాక్ నుంచి పీ12 తెచ్చుకోండి."

గడువు విషయంలో ఇంకో మెలిక. మన సర్టిఫికెట్ బాగానే ఉండి, దానికి పైనున్న ఇంటర్మీడియట్, అంటే దాన్ని రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్, లేకపోయినా సంతకం పడదు. డబ్ల్యూడబ్ల్యూడీఆర్ అనే యాపిల్ పాత ఇంటర్మీడియట్ గడువు 2023 ఫిబ్రవరి 7న తీరింది. జీ3 లాంటి కొత్త ఇంటర్మీడియట్లు వేసుకోని మెషీన్లలో "అనేబుల్ టు బిల్డ్ చెయిన్" అనే వార్నింగ్ వస్తుంది. అది చూసి చాలామంది కీచెయిన్‌లోకి వెళ్లి సర్టిఫికెట్‌కు 'ఆల్వేస్ ట్రస్ట్' పెట్టేస్తారు. దాంతో బాగుపడకపోగా ఆ సెట్టింగే సంతకానికి అడ్డుపడుతుంది. అందుకని మెసేజ్‌లో "ట్రస్ట్ సెట్టింగ్ డీఫాల్ట్‌లోనే ఉంచండి" అని ప్రత్యేకంగా చేర్చాను.

నన్ను బాగా తిప్పలు పెట్టింది బిల్డ్ సర్వర్. మ్యాక్ ముందు కూర్చుని నడిపితే సంతకం పడుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి టెర్మినల్ ద్వారా లాగిన్ అయి, అదే కమాండ్ నడిపితే 'ఎర్ సెక్ ఇంటర్నల్ కాంపొనెంట్' అంటుంది. తరచూ జరిగేదేమిటంటే, కీ వాడుకోవచ్చా అని అడిగే కిటికీ తెరవడానికి అక్కడ స్క్రీన్ సెషన్ ఉండదు. లేదంటే కీచెయిన్ తాళమే తియ్యలేదు. తాళం తీసినా 2016లో వచ్చిన సియెర్రా నుంచి పార్టిషన్ లిస్ట్ (ఆ కీని అడగకుండా ఏ ప్రోగ్రామ్‌లు వాడుకోవచ్చో చెప్పే జాబితా) కూడా సెట్ చేయాలి.

ఈ ఎర్రర్‌కు చూపించే మెసేజ్‌గా మొదటి ప్యాచ్‌లో (కోడ్ మార్పులో) "కీచెయిన్ లాక్ అయింది" అని రాశాను. రివ్యూలో ఒక సీనియర్ ఆపేశారు. "మీరు చెక్ చేశారా, ఊహించారా? అదే ఎర్రర్‌కు వేరే కారణం ఉంటే ఆ మనిషి మీ మాట పట్టుకుని పూటంతా వెతుక్కుంటాడు కదండీ" అన్నారు. ఆయన మాట సబబే. సంతకానికి ముందే కీచెయిన్ స్థితి అడిగే చెక్ పెట్టాం. అది విఫలమైతేనే లాక్ అని ఖాయంగా చెబుతాం. లేకపోతే "చూడవలసినవి" అని మాత్రమే. అసలు ఎర్రర్‌ను మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా కిందే ఉంచుతాం, జనం నెట్‌లో వెతికేది ఆ మాటతోనే కాబట్టి.

సెక్యూరిటీ టీమ్ అభ్యంతరం ఇంకొకటి. పార్టిషన్ లిస్ట్ కమాండ్‌కు కీచెయిన్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. సాయం చేస్తున్నామనుకుని పూర్తి కమాండ్ ప్రింట్ చేస్తే పాస్‌వర్డ్ బిల్డ్ లాగ్‌లో పడుతుంది. ఆ చోట ఖాళీ గుర్తు పెట్టాం. ఇంకో టీమ్ స్క్రిప్ట్ "సైనింగ్ ఫెయిల్డ్" అన్న పాత వాక్యాన్నే లాగ్‌లో వెతుక్కుంటోందట! ఆ వాక్యాన్ని చివరి లైనుగా అలాగే వదిలేశాం.

ఆండ్రాయిడ్ వైపు చేసింది తక్కువే. "కీస్టోర్ వాజ్ టాంపర్డ్ విత్, ఆర్ పాస్‌వర్డ్ వాజ్ ఇన్‌కరెక్ట్" అన్న జావా మెసేజ్ చూసి కీస్టోర్ (సంతకం కీలు దాచే ఫైల్) పాడైందేమోనని కంగారుపడనివాళ్లు తక్కువ. ఫైల్ పాడైందో, పాస్‌వర్డ్ తప్పో తేల్చి చెప్పకపోవడం నిజానికి జావా బద్ధకమేమీ కాదు. జేకేఎస్ అనే పాత కీస్టోర్ ఫార్మాట్‌లో ఫైల్ సరిచూసే హ్యాష్‌లోనే (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తులోనే) పాస్‌వర్డ్ కలిసి ఉంటుంది. హ్యాష్ కుదరకపోతే తప్పు దేనిదో జావాకూ తెలియదు. మేం చేయగలిగిందల్లా ఏ ఫైల్ తెరిచామో, పాస్‌వర్డ్ ఏ వేరియబుల్ నుంచి వచ్చిందో చెప్పడం, పాస్‌వర్డ్ చివర న్యూలైన్ (కంటికి కనబడని కొత్త లైను గుర్తు) అంటుకుని ఉంటే హెచ్చరించడం. పాస్‌వర్డ్‌ను ఎకో కమాండ్‌తో ఫైల్‌లోకి రాసేవాళ్లకు ఆ న్యూలైనే కొంప ముంచేది.

చాట్‌లో సైనింగ్ ప్రశ్నలు ఇప్పుడు బాగా తగ్గాయి. వచ్చేవి ఎక్కువగా నోటరైజేషన్ మీద, అంటే మ్యాక్ యాప్‌ను యాపిల్‌కు పంపి తనిఖీ చేయించుకోవడం మీద. అందుకు వాడే యాపిల్ నోటరీటూల్ "ఇన్‌వాలిడ్" అని స్టేటస్ మాత్రం ఇస్తుంది. ఏ ఫైల్‌కు సంతకం లేదో తెలియాలంటే సబ్మిషన్ ఐడీతో లాగ్ విడిగా అడగాలి. ఆ లాగ్‌ను టూలే తెచ్చి చూపించే ప్యాచ్ ప్రస్తుతం రివ్యూలో ఉంది.