ఎర్ర మూత సిరంజి

మా పిల్లి చిట్టికి పదకొండేళ్లు. రెండు నెలలుగా గిన్నెడు నీళ్లు తాగేసి మళ్లీ గిన్నె దగ్గరే కూర్చునేది. ఎంత తిన్నా నిమిరితే వెన్నెముక చేతికి తగిలేది. వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడుస్తుంటే వయసు మీద పడిందనుకున్నాను. అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే నడకట.

పరీక్షలు తొందరగానే అయ్యాయి. షుగర్ 380. భయం వల్ల కూడా పిల్లికి షుగర్ పెరుగుతుంది కాబట్టి డాక్టరమ్మ ఆ ఒక్క అంకెనే నమ్మకుండా మూత్రం చూశారు, ఫ్రక్టోజమైన్ పరీక్షా చేయించారు. గడిచిన రెండు మూడు వారాల షుగర్ సంగతి అందులో తెలుస్తుంది. మీ పిల్లికెవరైనా ఒక్క రక్తపరీక్షతో ఇన్సులిన్ రాసేస్తే ఇది అడగండి.

గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రాశారు, 12 గంటలకోసారి ఒక యూనిట్. అసలు బాధ మందుల షాపులో మొదలైంది. చీటీ చూసి కౌంటర్లో అతను "పిల్లికి షుగరేంటమ్మా!" అని గట్టిగా నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్లూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసాతో పాటు ఎర్ర మూత సిరంజిలు ఇచ్చాడు. మా అమ్మ ఏళ్ల తరబడి ఇన్సులిన్ తీసుకుంటోంది, ఎర్ర మూతంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి అని నాకు తెలుసు. ఈ సీసా మీద 100 అని ఉంది. ఆరెంజ్ మూతవి కావాలన్నాను. "అన్నీ ఒకటేనమ్మా, పిల్లికేగా" అన్నాడు.

ఒకటి కాదు. ఈ మందును ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల ప్రాణి, షుగర్ ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి రెండు అంకెలూ వేలితో చూపించాను. నవ్వు ఆగింది. సారీ మాత్రం రాలేదు. ఆరెంజ్‌వి నాలుగో షాపులో దొరికాయి. అమ్మ మందులు కూడా ఇక ఆ మొదటి షాపులో కొనం.

సూది వేయడం తేలికే, తింటుండగా వేస్తే తల కూడా ఎత్తదు. చిట్టికి పెరుగన్నం మాన్పించడమే అమ్మకు కష్టమైంది. తేనె సీసా చేతికందేలా పెట్టుకున్నాం, తూలినా వణికినా చిగుళ్లకు రాసి ఆసుపత్రికి పరుగెత్తడానికి.

ఇవాళ పొద్దున చెవి అంచున గుచ్చి చూస్తే 210. మడమలు ఇంకా నేలకే ఆనుతున్నాయి. నీళ్ల గిన్నె మాత్రం మధ్యాహ్నానికి సగం అలాగే ఉంది.