కలంకారీ చేతికి ధర కట్టడం నేర్పేటప్పుడు

కళాకారులకు వ్యాపార శిక్షణ అనగానే లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ దగ్గర మొదలుపెడతారు. కానీ దుపట్టాకు నాలుగొందలు పోగొట్టుకుంటున్నవాళ్లకు గిరాకీ పెరిగితే పెరిగేది నష్టమే. మొదటి క్లాసు ధర కట్టడం మీదే పెట్టాలి.

శ్రీకాళహస్తి కలంకారీ పనినే తీసుకోండి. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాల జిడ్డు లేకపోతే రంగు గీత దాటి పాకుతుంది. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో నల్లగీత, ఆపై పటిక, ఉడకబెట్టడం, పారే నీటిలో ఉతకడం. ఎన్ని గంటలు పట్టిందని అడిగితే మాత్రం కలం పట్టుకున్న మూడు రోజులే చెబుతారు. కరక్కాయ నూరిన ఇల్లాలు, గుడ్డలు ఏటికి మోసిన కొడుకు లెక్కలోకి రారు. అందుకే రెండు వారాలపాటు గోడకు ఒక కాగితం అంటించి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో రాయించండి. నోటిలెక్క నమ్మొద్దు.

ఇక బోర్డు మీద ఒక దుపట్టా లెక్క. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. గుడ్డ 400, రంగులు, పాలు 150, ఇంటిల్లిపాదివీ కలిపి 26 గంటలు గంటకు 100 చొప్పున 2,600, కరెంటు, ప్రయాణం వగైరా 300. మొత్తం 3,450. పదింటిలో ఒకటి మరక పడి పాడవుతుంది. పదింటి ఖర్చు 34,500 అమ్ముడయ్యే తొమ్మిదే మోయాలి కదా, ఒక్కోటి 3,833. దానిపై 15 శాతం లాభం వేస్తే సుమారు 4,400.

అందరూ తడబడేది ఆ తర్వాతే. షాపువాళ్లు 30 శాతం కమీషన్ అడిగితే 4,400కి 30 శాతం కలిపి 5,720 అని రాస్తారు. కమీషన్ కోసేది అమ్మిన ధర మీద: 1,716 పోగా చేతికొచ్చేది 4,004. లాభంలో 396 గల్లంతు! 4,400ను 0.7తో భాగించాలి, దాదాపు 6,290 వస్తుంది. ఎగ్జిబిషన్లో తామే అమ్ముకున్నా అదే ధర ఉంచమనండి. అక్కడ 4,400కే ఇచ్చేస్తే షాపువాళ్లు మళ్లీ ఆర్డరివ్వరు.

కంపెనీలకు డిజైన్ ఇవ్వడం వేరే బేరం. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తం అని చట్టమే అనుకుంటుంది. కాబట్టి "ఒక సీజన్, చీరలకు మాత్రమే" అని ఒక్క వాక్యమైనా అందరిచేతా అక్కడికక్కడే రాయించండి.

చెప్పి చేయించుకునే పనికి సగం అడ్వాన్సు. మార్పులు కాగితం మీద స్కెచ్ దశలో రెండుసార్లు, అంతే. గుడ్డ మీద నల్లగీత పడ్డాక దాన్ని చెరపలేం, మార్చమంటే కొత్త గుడ్డ, కొత్త బిల్లు.